ఉస్తాద్ డ్రమ్ముకు మెరుగు పెట్టించాం

పోయిన నెల పుప్పాలగూడ అపార్ట్‌మెంట్ల నుంచి ఒక కుర్రవాడు పాత సైడ్ డ్రమ్ ఒకటి పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండువాళ్లు భుజానికి తగిలించుకుని రెండు పుల్లలతో వాయిస్తారే, ఆ ఇత్తడి డ్రమ్. పాత సామాన్ల దుకాణంలో దొరికిందట. ఇలాంటివి అసలువో కావో నేను చూసి చెబుతానని ఎవరో చెబితే వచ్చాడు. నేను ఈ విద్య ఎక్కడా చదవలేదు. ఇంటర్ తప్పి, కట్టడాల దగ్గర టేపు పట్టుకుని బతికినవాణ్ని. కొలవడం, కొలిచినదాన్ని భాగించడం, తేడా ఎక్కడ వచ్చిందో వెతకడం, ఇంతే నాకు వచ్చు. "అంకుల్, చుట్టూ ఇన్ని రంధ్రాలున్నాయి, మరలు కూడా ఒక్కోటి ఒక్కో రకం. డూప్లికేటే కదా?" అన్నాడు దిగులుగా. తొందరపడొద్దని చెప్పి టార్చి వేసి లోపల చూపించాను. తోలు రింగును పట్టి ఉంచే బిగింపు ముక్క ఒకటి విప్పి, దాని కింద ఇత్తడి రంగు ఎలా ఉందో, పక్కనే అంతకంటే పెద్ద ముక్క ఏళ్ల తరబడి కూర్చున్న నీడ ఎలా మిగిలిందో చూపించాను. సామాను మార్చినంత మాత్రాన డ్రమ్ము అబద్ధమైపోదని, ఎవరు ఎప్పుడు మార్చారో ఆ గుర్తులే చెబుతాయని చెప్పాను. కుర్రవాడి ముఖం వెలిగింది. "అయితే మంచి పాలిష్ పెట్టించేస్తా అంకుల్, ధగధగ మెరిసిపోవాలి" అన్నాడు. "వద్దు" అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే వంటింట్లోంచి మా ఆవిడ బయటికి వచ్చి చూసింది.

ఎందుకు వద్దో ఆ అబ్బాయికి సగమే చెప్పాను. మిగతా సగం మా నాయనది.

మాధాపూర్ గుట్టల మధ్య మొదటి అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. గచ్చిబౌలిలో రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లం. మా నాయన నర్సింహులు పెళ్లి బ్యాండుకు పెద్ద. ఇంట్లోకి అడుగు పెడితే ముందు చింతపండు పులుసు వాసన తగిలేది, వంటది కాదు, ఇత్తడి తోమేది. దాని వెనక తోలుకు రాసే కొబ్బరినూనె వాసన, ట్రంకు పెట్టె తెరిస్తే కలరా ఉండల వాసన. పొద్దున్నే నాయన డ్రమ్మును వాకిట్లో ఎండకు పెట్టి, తోలు మీద వేలితో కొడుతూ చెవి పెట్టి వినేవాడు. ఎండ ఎక్కువైతే నీడకు, నీడ ఎక్కువైతే మళ్లీ ఎండకు. చంటిపిల్లకు కూడా అంత మర్యాద జరిగేది కాదని అమ్మ విసుక్కునేది. ముహూర్తాల కాలంలో అమ్మ ఒడిలో ఎప్పుడూ ఏదో ఒక ఎర్రకోటు ఉండేది, ఊడిన బంగారు జరీ అంచు కుడుతూ. ఉతికిన కోట్లను రోడ్డు వైపు తీగ మీదే ఆరేసేవాళ్లం, మాకు వేరే చోటు లేదు. ఆఫీసు బస్సులు ఆ రోడ్డున పోయేటప్పుడు అద్దాల వెనక ముఖాలు అటే తిరిగేవి. నేను అప్పటికి ఒక కాంట్రాక్టరు దగ్గర పనులకు కొలతలు తీస్తున్నాను. మా ఇల్లెక్కడని అడిగిన వాళ్లకు ఆ కోట్ల ఇంటికి నాలుగిళ్ల అవతల అని చెప్పేవాణ్ని.

ఆ డ్రమ్ము నాయనకు ఇస్మాయిల్ ఉస్తాద్ ఇచ్చాడు. ఉస్తాద్ నార్సింగిలో ఉండేవాడు. ఏదో పల్టన్ బ్యాండు, అంటే సైనిక పటాలంది, మూతపడినప్పుడు అది ఆయన చేతికి వచ్చిందని, అంతకుముందు గుర్రాల మీద పోయే సిపాయిల ముందు మోగిందని చెప్పేవాడు. నాయనకు పుల్లలు పట్టుకోవడం దగ్గర నుంచి అన్నీ నేర్పింది ఆయనే; నాయన ఆయనకు శాగిర్దు, అంటే శిష్యుడు. వాళ్లలో ఒక పద్ధతి ఉండేది. డ్రమ్ము చేతులు మారితే, కొత్తగా అందుకున్నవాడు తన సొంత బిగింపు సామాను వేసుకోవాలి. కాని ఉస్తాద్ సామాను ఉన్న రంధ్రాల్లో మాత్రం వేయకూడదు. ఆయన మరలు మర్యాదగా విప్పి, ఆ రంధ్రాలను లోపలి నుంచి ఇత్తడి రివిట్లతో మూసి, పక్కన కొత్తవి వేసుకోవాలి. "ఉస్తాద్ చెయ్యి వడ్డ తావున మన చెయ్యి వడొద్దు" అనేవాడు నాయన. అట్లా ఆ డ్రమ్ము చుట్టూ మూడు వరసలు ఉండేవి. కంపెనీ వేసినవి ఆరు, ఉస్తాద్ వేసినవి ఎనిమిది, వాటి పక్కనే నాయన వేసినవి ఎనిమిది. నాయనవి తప్ప మిగతావన్నీ మూసినవే, దగ్గరికొచ్చి చూస్తే చర్మం మీద మశూచి మచ్చల్లా కనిపించేవి. మరలు కూడా ఒక జత సైకిలు షాపువి, ఒక జత ఏదో పాడైన డ్రమ్మువి.

ఒకసారి నార్సింగిలో రెండు పెళ్లి ఊరేగింపులు ఒకే మలుపులో ఎదురుపడ్డాయి. అవతలి బ్యాండులో కొత్త మెరుపు డ్రమ్ము తగిలించుకున్నవాడు మా నాయనదాన్ని వంగి చూసి, "ఏం నర్సింహులన్నా, డ్రమ్ము తెచ్చినవా జల్లెడ తెచ్చినవా? పిండి జల్లిచ్చుకుందామా?" అన్నాడు. అందరూ నవ్వారు. మా బ్యాండువాళ్లు కూడా నవ్వారు. నాయన కూడా నవ్వాడు, "జల్లెడైతే ఏందిరా, నీ చప్పుడంత పొట్టే, జల్లిచ్చి చూపిస్త" అని జవాబిచ్చి గట్టిగా వాయించాడు. ఇంటికొచ్చాక మాత్రం మూసిన రంధ్రాల మీద బొటనవేలితో రుద్దుతూ చాలాసేపు కూర్చున్నాడు, మరక పోతుందేమోనన్నట్టు.

ఆ పెళ్లిలోనే సుధాకర్ గారు నాయన డ్రమ్మును చూసి, దాని కథ అడిగి విన్నారు. ఆయనది గుంటూరు వైపు, మాధాపూర్‌లో కొత్తగా తెరుస్తున్న ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో అలంకరణ, ఫర్నిచర్ అన్నీ ఆయన చేతిలోనే ఉండేవి. రెండు రోజులకు స్కూటర్ మీద మా ఇంటికే వచ్చారు. మా ఆఫీసు హాల్లో అద్దాల పెట్టెలో హైదరాబాదు పాత వస్తువులు పెడుతున్నామండి, మీ డ్రమ్ము నిజంగా పల్టన్‌దే అయితే దానికీ చోటు ఇస్తామండి అన్నారు. బొంబాయి నుంచి ఒక మేడమ్ వచ్చి చూసి, పాతదో కాదో తేల్చి రాసిస్తారట. ధర ఎంత చెబుతారో చెప్పమన్నారు. నాయన చేతులు జోడించాడు. "పైసలొద్దు సారు. మా ఉస్తాద్ పేరు రాయుండ్రి కింద. షేక్ ఇస్మాయిల్ అని. గంతే." సుధాకర్ గారు ఒక్క క్షణం ఆయన్ని చూసి, "అలాగేనండి, మేడమ్ సరే అంటే తప్పకుండా వేయిద్దామండి" అన్నారు. స్కూటర్ మలుపు తిరగకముందే నాయన చొక్కా వేసుకుని నార్సింగి బస్సెక్కాడు. ఉస్తాద్ పోయి అప్పటికి చాలా కాలమైంది. ఆయన భార్య జైనబీ ఒక్కతే ఉండేది, మేమంతా ఖాలా, అంటే పిన్నమ్మా, అనేవాళ్లం, నాయన అమ్మా అనేవాడు. సాయంత్రం తిరిగొచ్చి, "అమ్మ ఏడ్చింది" అన్నాడు సంతోషంగా. "ఆయినకు గోరీ మీద గూడ పేరు వెట్టియ్యలేకపోయినం, అద్దాల బంగ్లల వెడ్తున్నరా అన్నది."

ఇక అక్కడి నుంచి నాయనకు ఆ మచ్చలు కంటిలో నలుసులయ్యాయి. పెళ్లివారి ముందుకు మాసిన ఇత్తడితో పోవడమంటే వాళ్లని అవమానించడమని బ్యాండువాళ్ల లెక్క. బటన్ ఊడిన కోటుతో వచ్చినవాణ్ని నాయన వరసలోంచి తీసేసేవాడు. పరీక్ష చేయడానికి బొంబాయి నుంచి మనిషి వస్తోందంటే, ఆమె కూడా పెళ్లిపెద్దలాగే ముందు మెరుపు చూస్తుందనుకున్నాడు. నాకూ వేరేగా తోచలేదు. నిజం చెప్పాలంటే ఆ జల్లెడ మా ఇంట్లోంచి పోతే బాగుండునని నాకూ ఉండేది. బాలానగర్ వైపు ప్లేటింగ్ చేసేవాడి దగ్గరికి ఇద్దరం మోసుకుపోయాం. అన్ని రంధ్రాలకూ లోహం పోసి పూడ్చి, మిషను మీద రాకి, కొత్తగా సమంగా రంధ్రాలు వేసి, ఒకే రకం మెరుపు సామాను బిగిస్తామన్నాడు. "లోపల గూడ కొట్టాల్నా? ఆడ ఏదో గీకి ఉన్నది, అంకెలున్నట్టున్నయ్" అన్నాడు. "లోపల గూడ. కొత్త పెండ్లికొడుకు లెక్క గావాలె" అన్నాడు నాయన. తెచ్చి వాకిట్లో పెడితే ఎండకు చూడలేకపోయాం. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని చుట్టూ తిరిగి చూసింది. "పెండ్లికొడుకు లెక్కనే ఉన్నడు గని, ఉస్తాద్ లేసొస్తే గుర్తు వడ్తడా?" అంది. నాయన నవ్వి, "గుర్తు వట్టి ముద్దు వెట్టుకుంటడు" అన్నాడు.

మేడమ్ వచ్చే రోజు జైనబీ ఖాలాను కూడా ఆటోలో తీసుకుపోయాం. తనే వస్తానంది. పండక్కి కట్టుకునే తెల్ల చీర కట్టుకుని, చేతిలో చిన్న అత్తరు సీసా పట్టుకుంది. ఆమె కళ్లలో పొర కమ్మి అప్పటికే వెలుగూ చీకటీ తప్ప పెద్దగా ఏమీ కనిపించేది కాదు. ఆఫీసు హాల్లో తలుపు దగ్గరి సోఫాలో కూర్చోబెడితే చల్లదనానికి చెంగు చుట్టుకుని, "మసీదు లెక్క ఉన్నది బేటా, నిశ్శబ్దం" అంది. మేం అవతలి చివర బల్ల దగ్గరికి పోయాం. నాయన ఎర్రకోటు వేసుకొచ్చాడు, ఇస్త్రీ పెట్టి. ఎదురుగా మెడలో కార్డులు వేలాడేసుకున్న నా ఈడువాళ్లు కాఫీ కప్పులతో పోతూ ఆ కోటును చూస్తున్నారు. నేను ఒక అడుగు దూరంగా నిలబడ్డాను.

మేడమ్ వయసులో పెద్దావిడ. పుట్టింది ఇక్కడేనట, తెలుగు బాగా మాట్లాడింది. నాయన గుడ్డ తీసి డ్రమ్మును చూపించాడు. ఆమె ముఖంలో ఏదో ఆగిపోయినట్టయింది. కళ్లద్దాలు పెట్టుకుంది. గోటితో రెండు మూడు చోట్ల తట్టింది. తోలు పక్కకు తీయించి, చిన్న టార్చి వేసి, లోపల వేళ్లతో గోడంతా తడిమింది.

"దీన్ని ఎప్పుడు చేయించారు?"

"మొన్ననే మేడమ్. మీరొస్తున్నరని చేపిచ్చిన" అన్నాడు నాయన గర్వంగా.

"అంతకుముందు పాత రంధ్రాలు ఉండేవా? మూసినవి గానీ, వేరే సామాను వేసిన గుర్తులు గానీ?"

"ఒక్కటి లేదు మేడమ్. మొత్తం సాఫ్."

"జాగ్రత్తగా గుర్తు తెచ్చుకోండి. లోపల ఏమైనా అంకెలు, అక్షరాలు?"

"ఏం లెవ్వు. కంపెనీ నుంచి ఎట్లొచ్చిందో అట్లనే కాపాడిన."

ఆమె కళ్లద్దాలు తీసింది. సుధాకర్ గారి వైపు తిరిగి, "నాకు కనిపిస్తున్నది కొత్త డ్రమ్. పాతదే కావచ్చు, కాని నేను రాసివ్వడానికి ఇందులో ఏమీ మిగల్లేదు" అంది. తర్వాత నాయనతో మెల్లగా, "రంధ్రాలుంటే వాటిని చదివేదాన్ని. పల్టన్ డ్రమ్ములకు లోపల అంకె గీకి ఉండేది. తర్వాత మార్చిన సామాను కూడా నాకు సాక్ష్యమే. ఏ చేతులు మారిందో అదే చెబుతుంది" అంది.

నాయన బల్ల మీదికి వంగాడు. "ఉండె మేడమ్! ఉండె. మూడు వరసలుండె. ఆరు, ఎనిమిది, ఎనిమిది. అంకెలు గూడ ఉండె లోపల. నేనే మూపిచ్చిన. నా కొడుకు ఉన్నడు, అడుగుండ్రి. చెప్పురా!" నేను ఉండేవని చెప్పాను. కాని ఒక నిమిషం క్రితం లేవన్న మనిషి ఇప్పుడు ఉండేవంటే ఆ మాట ఎలా వినిపిస్తుందో అందరికీ తెలుసు. అటుగా పోతున్న ఇద్దరు ఆగి చూశారు. సుధాకర్ గారు గోడ వైపు చూస్తూ నిలబడ్డారు. మేడమ్ మాత్రం, "మీరు అబద్ధం చెబుతున్నారని నేననడం లేదు" అంది. అనకపోయినా బాగుండేది. నాయన ఎర్రకోటు బటన్లు ఒకటొకటిగా తడుముకుంటున్నాడు, ఏదో ఊడిపోయినట్టు.

"చూడ్డానికి అందంగానే ఉందండి, కావాలంటే రిసెప్షన్ మూలలో పెట్టుకుంటాం. కాని రుజువు లేకుండా పేరు ఎలా వేస్తామండి?" అన్నారు సుధాకర్ గారు. తీసుకుపోదాం నాయనా అన్నాను. నాయన తలుపు వైపు చూశాడు. అక్కడ సోఫాలో జైనబీ ఖాలా అత్తరు సీసా మూత తీసి మళ్లీ పెడుతోంది. డ్రమ్ము మోసుకుని ఆమె ముందు నుంచే పోవాలి. "ఉండనియ్" అన్నాడు. ఊరికే ఇచ్చేశాడు. బయటికొస్తుంటే ఆమె, "పెట్టిండ్రా నర్సింహులు?" అని అడిగితే, "పెట్టిండ్రమ్మా" అన్నాడు. ఆమె ఆ సీసా నాయన చేతిలో పెట్టి, ఉస్తాద్ పేరు మీద కొంచెం పూయమంది. నాయన లోపలికి పోయి వచ్చాడు. ఆ అత్తరు ఏం చేశాడో నేను అడగలేదు.

తర్వాత నాయన ఒక మామూలు డ్రమ్ము కొనుక్కుని దానికి తన సామాను వేసుకున్నాడు. అప్పుడే మొదటిసారి దగ్గర కూర్చుని చూశాను, ఆయన రంధ్రాలకు గుర్తులు ఎలా పెడతాడో. ఉస్తాద్ నేర్పిన పద్ధతే. డ్రమ్ము చుట్టూ నూలుదారం తిప్పి, ముడికని గోరంత ఎక్కువ పెట్టుకుని తెంచుతాడు. దాన్ని మూడుసార్లు సగానికి మడిచి, మడతల దగ్గర సిరా అంటించి, మళ్లీ చుట్టి ముడివేస్తాడు, ముడే ఎనిమిదో గుర్తు. నేను టేపు పెట్టి కొలిచాను. గుర్తుల మధ్య ఏడు ఎడాలు ఉండాల్సినదానికంటే వెంట్రుకంత ఎక్కువ వచ్చాయి. ముడి పక్కన ఉన్న ఎనిమిదోది మాత్రం బాగా తక్కువ వచ్చింది. ముడికి వదిలిన గోరంతా దాదాపు అక్కడే తేలుతుంది. మిషను ఎప్పుడూ ఆ తప్పు చేయదు. ఉస్తాద్ వరసలోనూ ఆ కురచ ఎడం ఉండి ఉంటుంది, నాయన వరసలోనూ ఉండి ఉంటుంది, గురువుదీ శిష్యుడిదీ పక్కపక్కన. మేం బాలానగర్‌లో పూడ్పించింది దాన్ని. ఈ రోజు నా దగ్గరికి ఎవరు డ్రమ్ము తెచ్చినా ముందు ఆ ఎడాలు కొలుస్తాను. చేతితో మార్చినది ఏదో, మోసానికి మార్చినది ఏదో చాలావరకు చెప్పగలను. ఇప్పుడు పాతదనానికి గిరాకీ ఉంది. గచ్చిబౌలి కాఫీ హోటళ్లు కావాలని తుప్పు పట్టించి పెట్టుకుంటున్నాయి. అప్పుడు మా చేతిలో ఉన్నది నిజంగా పాతది. మెరవడం లేదని సిగ్గుపడ్డాం.

రంజాన్ ముందు జైనబీ ఖాలా కబురు పెట్టింది, పేరు దగ్గరికి ఒకసారి తీసుకుపొమ్మని. నాయన పెళ్లిళ్లున్నాయని వాయిదా వేశాడు. ఒంట్లో బాగాలేదన్నాడు. చివరికి ఆమే ఆటో కట్టించుకుని మా వాకిట్లో దిగింది. ముగ్గురం పోయాం. పాసు లేనిదే గేటు లోపలికి పంపరు. అది తెలిసే పోయాం, అట్లా అయినా ఆమె వెనక్కి తిరుగుతుందని. వాచ్‌మన్ ఒక పాలమూరు ముసలాయన. లోపలికి వద్దన్నాడు గాని నీడలో నిలబడనిచ్చాడు. గేటు దగ్గర నుంచి అద్దాల్లోంచి హాలు కనిపిస్తుంది. రిసెప్షన్ మూలలో మా డ్రమ్ము ఉంది, దాని మీద ఒక పూలకుండీ. సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడి చుట్టూ పెట్టిన మెరుగు భగ్గుమంటోంది.

ఖాలా చెయ్యి నుదుటికి పెట్టుకుని చూసింది. "అగో, మెరుస్తున్నది గదా, గదేనా? నాకు కనవడ్తున్నది నర్సింహులూ!" అంది. అసలు రంగుతో ఉంటే ఆ కళ్లకు కనిపించేదే కాదు. "గదేనమ్మా" అన్నాడు నాయన. ఆమె చేతులెత్తి దువా చేసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "మాకిద్దరికి సదువు రాదు. నువ్వు సదివి ఇనిపియ్ బేటా" అంది.

నాయన నా వైపు చూశాడు. నేను అద్దం వైపు చూశాను. వాచ్‌మన్ కూడా మెడ తిప్పి ఆ మూలకు చూసి, పూలకుండీని చూసి, మా ముగ్గురినీ చూసి, రెండడుగులు అవతలికి జరిగాడు.

"ఉస్తాద్ షేక్ ఇస్మాయిల్ సాబ్ వాయించిన డ్రమ్" అని చదివాను.

"ఇంకా?"

"గంతే ఖాలా."

"నీ నాయిన పేరు రాయలే? ఇన్నేండ్లు కాపాడినోడు గద."

నాయనే అందుకున్నాడు. "లేదమ్మా. నా పేరు లేదు."

"గదెట్ల?" అని ఆమె నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. "నువ్వు గీ దిక్కునే పని చేస్తవ్ గద బేటా. లోపల సార్లకు చెప్పి రాపియ్. ఉస్తాద్ పేరు కింద శాగిర్దు పేరు ఉండాలె."

"సరే ఖాలా, చెప్త" అన్నాను.